పెరటి ఉల్లికాడ – అడవి ఉల్లిగడ్డ

చోడవరము ప్రాంతము చెరకునకు, బెల్లమునకు పేరుపొందినది. 2022 వరకు విశాఖపట్టణము జిల్లాలో నుండి, పిదప అనకాపల్లి జిల్లాలో చేరినది. చెరకుతోటకు శ్రద్ధతో నీరు పెట్టు రైతులు ఇంటి నూతివద్ద వృథాగా పోవు నీటిని గమనించుట అరుదు. సబ్బు కలియని ఆ నీటితో కూరకు చాలినన్ని ఉల్లికాడలను పెంచుకొనవచ్చును.

ఉల్లిజాతి మొక్కలు ప్రపంచమున వందలకొలది గలవు. వానిలో ‘చైవ్స్’ అనునది ఐరోపా, ఆసియా, ఉత్తర అమెరికా ఖండముల చల్లని ప్రదేశములందు తనంతట తానే మొలచును. దాని ఆకులు సన్నని గొట్టములవలె నుండును. పూలు ఊదారంగు గుత్తులు. అచ్చటివారు దానిని పెరటిలోనికి తెచ్చి, ఆకులు కోసి వంటలపై చల్లుకొందురు. కోసినకొలది అది మరల చిగుర్చును. చల్లదనము కోరు ఆ మొక్కకు మన వేసవి యెండ సరిపడదు. దాని పనిని మనకు ఉల్లికాడయే చేయగలదు.

ఇంట మొలకెత్తిన చిన్న ఉల్లిగడ్డలను పారవేయక, మాగిన పశువుల యెరువు కలిపిన మట్టిలో నాలుగేసి అంగుళముల యెడముగా నాటవలెను. గడ్డ మెడ మట్టిపైకి కనబడవలెను. నీరు నిలిచినచో గడ్డ కుళ్లును. కొన్ని వారములలో కాడలు కోతకు వచ్చును. మొదలంట కోయక రెండంగుళములు విడిచినచో మరల పెరుగును. పచ్చని కాడలలో ‘సి’ విటమిను గలదు. అది ఎక్కువ వేడికి నశించును గనుక కూర దించుటకు ముందుగా వేయుట మేలు.

ఇక నొక హెచ్చరిక. ఇసుక నేలలందును, బీళ్లలోను, కొండవాలులందును ‘నక్కవుల్లి’ మొలచును. దీనినే అడవి ఉల్లి యందురు. గడ్డ చూచుటకు అచ్చముగా ఉల్లిగడ్డయే. మొదట ఆకులేని పూకాడ వెలువడి, తరువాత బల్లపరుపైన ఆకులు వచ్చును. దానిలో గుండెపై పనిచేయు విషపదార్థములు గలవు. తిన్నవారికి వాంతులు, విరేచనములు కలిగి, నాడి తప్పి, ప్రాణాపాయము సంభవింపవచ్చును. వైద్యమున దీనిని దగ్గునకు వాడుక కలదు గాని, ఆ మోతాదు నిర్ణయించుట వైద్యుని పని, ఇంటిలో ప్రయత్నింపరాదు.

నలిపిచూచిన ఆకునకు ఉల్లివాసన లేనిచో దానిని తినరాదు. అంతకుముందు ఉల్లి ముట్టిన చేతితో పరీక్షించినచో మోసపోవుదురు. వాసన యున్నను, గుర్తెరుగని మొక్కను విడుచుటయే క్షేమము. పశువుల వెంట పోవు పిల్లలకు ఈ సంగతి తప్పక చెప్పవలెను. ఎవరైన తిన్నచో గడ్డతో సహా వెంటనే ఆసుపత్రికి కొనిపోవలెను. పెరటిలో నాటిన పిడికెడు ఉల్లిగడ్డలున్న యింట అడవిగడ్డతో పనియేమి?