దేవుణ్ణి ఎవరు చేశారు?



కాలేజీకి వెళ్లే మన పిల్లలు ఇంట్లో ఒక ప్రశ్న అడుగుతుంటారు: "ప్రతిదానికీ కారణం ఉంటే, దేవునికి కారణం ఎవరు?" దయచేసి వారిని గద్దించవద్దు. తన 18వ యేట ఈ ప్రశ్న చదివి ఆదికారణ వాదాన్ని విడిచిపెట్టానని బెర్ట్రాండ్ రస్సెల్ అనే తత్వవేత్త 1927లో లండన్ ప్రసంగంలో చెప్పాడు. కనుక ఇది తేలికగా తీసివేయదగిన ప్రశ్న కాదు.

అయితే "ప్రతిదానికీ కారణం ఉంది" అని ఆ వాదం చెప్పదు. మన తెలుగువాడైన అన్నంభట్టు తన తర్కసంగ్రహానికి తానే వ్రాసిన దీపికలో ఇలా వాదించాడు: కుండ ఒక కార్యం, అనగా ఒకప్పుడు లేక తరువాత కలిగినది. దానికి కుమ్మరి ఉన్నాడు. భూమి, మొలక కూడా కార్యములే గనుక వాటికీ కర్త ఉండాలి. అన్నంభట్టు మన విశ్వాసము వాడు కాడు. అయినను హెబ్రీ 3:4లో ఇంటిని గూర్చిన మాట కూడా ఇదే దారిలో నడుస్తుంది. కలిగినదానికే కర్త కావాలి. ఎన్నడూ కలుగక నిత్యముండువానికి కర్త ఎవరని అడుగుట ఎట్లు?

బాన్సువాడ రైతు సోదరులారా, మీ మడిలోని నీరు పిల్లకాలువ నుండి, అది పెద్దకాలువ నుండి, అది 1931లో పూర్తయిన నిజాంసాగర్ నుండి వస్తుంది. నిజాంసాగర్‌కు మంజీర, మంజీరకు వాన. ప్రతిదీ పుచ్చుకొని ఇచ్చేదే. స్వంత నీరు లేని కాలువలను వేల మైళ్లు త్రవ్వినా మడి తడవదు. మన ఉనికి కూడా పుచ్చుకొన్నదే. దేవుడు ఆ వరుసలో మరొక కాలువ కాడు, పుచ్చుకొనకుండా ఇచ్చువాడు.

"విశ్వమే ఎల్లప్పుడూ ఉందనుకోకూడదా?" అని మీ అబ్బాయి అడగవచ్చు. 1948లో బి.బి.సి. రేడియోలో కాపుల్‌స్టన్ అనే పాదిరితో వాదిస్తూ, విశ్వం ఊరకే ఉంది, అంతే అన్నాడు రస్సెల్. అది ప్రశ్నకు జవాబు చెప్పడం కాదు, ప్రశ్నను అక్కడితో ఆపివేయడమే.

ప్రియులారా, మరొక సంగతి కూడా దాచకూడదు. ఈ వాదము మనలను గుమ్మము వరకే తెస్తుంది. సృష్టిలో దేవుని శక్తి తేటపడుచున్నదని రోమా 1:20 నేర్పుతుంది. ఆయన హృదయమైతే సిలువలోనే కనబడుతుంది. ఆస్పత్రి వరండాలో ఏడ్చే తల్లికి తర్కము చాలదు. యోబు అడిగిన "ఎందుకు?"లకు దేవుడు కారణములు వివరించలేదు, తానే వచ్చి అతనితో మాట్లాడెను.

ఈ రాత్రి మీ బిడ్డ ప్రక్కన కూర్చొని అతని ప్రశ్న పూర్తిగా వినండి. ప్రశ్నించే మనస్సును ఇచ్చినవాడు కూడా ఆ సృష్టికర్తయే. ప్రభువు మీ గృహములను దీవించును గాక. ఆమేన్.