పాప చేతికి ఎన్ని పౌండ్ల విల్లు?

సంగీతానికీ నాట్యానికీ పంపినట్టే ఈమధ్య మనం పిల్లల్ని విలువిద్యకు కూడా పంపుతున్నాం. మన విజయవాడ అమ్మాయి వెన్నం జ్యోతి సురేఖ 2023లో చైనాలోని హాంగ్‌ఝౌలో జరిగిన ఆసియా క్రీడల్లో మూడు స్వర్ణపతకాలు తెచ్చింది కదా! అది చూసి మన అమ్మాయినీ చేర్పిద్దామని ముచ్చటపడడం సహజమే. చేర్పించండి, మంచి ఆట. అయితే కొన్నాళ్లకు సొంత విల్లు కొనే అవసరం వస్తుంది. అప్పుడు రంగురంగుల ప్రకటన ఒకటి మీ చేతికి వస్తుంది. అందులో పెద్ద అక్షరాల్లో కనిపించేది వేగం. బాణం సెకనుకు 330 అడుగులు పోతుందనీ, 340 అడుగులు పోతుందనీ రాసి ఉంటుంది. ఆ అంకె ఎక్కడినుంచి వచ్చిందో, మన పిల్లకు దానితో ఎంత పని ఉందో ఇవాళ చూద్దాం.

ముందు రెండు రకాల విల్లుల సంగతి. చివర్లు ముందుకు వంపు తిరిగి ఉండేది రికర్వ్ విల్లు. నారిని లాగేకొద్దీ బరువు పెరుగుతూ పోతుంది. రెండు చివర్లా చక్రాలుండేది కాంపౌండ్ విల్లు, సురేఖ వాడేది ఇదే. దీంట్లో మొదట బరువంతా లాగాలి. చక్రాలు తిరిగాక బరువు ఒక్కసారిగా తగ్గిపోతుంది. 50 పౌండ్ల విల్లులో నూటికి 80 వంతులు తగ్గితే, గురి చూసేటప్పుడు చేతిమీద ఉండేది 10 పౌండ్లే. "చూశారా అమ్మా, పది పౌండ్లే!" అంటాడు అమ్మేవాడు. నిజమే, కాని ఆ పదికి చేరాలంటే ప్రతి బాణానికీ ముందు యాభై దాటాలి. ఇలా నారిని లాగడానికి కావలసిన బలాన్నే డ్రా వెయిట్ అంటారు. ఒక పౌండు అంటే సుమారు 450 గ్రాములు.

ఇక ప్రకటనలోని వేగం. దాన్ని కొలిచేటప్పుడు సాధారణంగా విల్లును 70 పౌండ్లకు బిగిస్తారు. నారిని 30 అంగుళాలు వెనక్కి లాగుతారు. బాణం బరువు 350 గ్రెయిన్లు, అంటే 23 గ్రాములకు కాస్త తక్కువ. 30 అంగుళాలు లాగాలంటే ఆరడుగులు దాటిన మగవాడి చేతులు కావాలి. స్కూటరు ప్రకటనలో మైలేజీ చూసి కొన్నవాళ్లం మనం. ఖాళీ రోడ్డు మీద ఒక్క మనిషి నడిపితే వచ్చే మైలేజీ, వెనక మనం, ముందు పిల్లవాడు, హ్యాండిలుకు కూరల సంచీ ఉంటే వస్తుందా? ఇదీ అంతే.

లెక్క వేసుకుందాం. చేతులు రెండూ బారచాపి, ఈ కొసనుంచి ఆ కొసకు కొలిచి రెండున్నరతో భాగిస్తే, లాగే పొడవు సుమారుగా తెలుస్తుంది. బార 65 అంగుళాలైతే లాగేది 26 అంగుళాలు. ఒక్కొక్క అంగుళం తగ్గితే వేగం సుమారు 10 అడుగులు తగ్గుతుంది, ఒక్కొక్క పౌండు తగ్గితే సుమారు 2 అడుగులు. కాబట్టి 330 అడుగుల విల్లును మన అమ్మాయి 26 అంగుళాలు, 45 పౌండ్లతో లాగితే 240 దగ్గరికి వస్తుంది. బాణం ఇంకా బరువైతే మరింత తగ్గుతుంది. డబ్బు ఇచ్చింది 330కి, ఇంటికొచ్చింది 240!

పోనీ ఆ తగ్గిన వేగంతో నష్టం ఉందా? దూరం ఎంతో తెలియని చోట ఉంది. వేగంగా పోయే బాణం తక్కువ వంగుతుంది, దూరం అంచనాలో కాస్త తేడా వచ్చినా తగులుతుంది. అమెరికాలో విల్లుతో వేటాడేవాళ్లకు ఈ అంకె మీద మోజు అందుకే. మన పిల్లలు ఆడేది మైదానంలో, ముందే కొలిచిన దూరంలో. కాంపౌండ్ పోటీల్లో దూరం 50 మీటర్లు. 330 అడుగుల వేగానికీ 240కీ అక్కడ తేడా సెకనులో అయిదో వంతు. గురిచూసే సైటును దానికి తగ్గట్టు దించుకుంటే సరిపోతుంది. పది మార్కుల వలయం వ్యాసం 8 సెంటీమీటర్లు, కాఫీ కప్పు మూతి అంత. సురేఖ హాంగ్‌ఝౌ ఫైనల్లో 15 బాణాలకు 150కి 149 కొట్టింది. ఆ మార్కులు గురికి వచ్చినవే, వేగానికి ఎవరూ మార్కు వెయ్యరు. పైగా ఈ పోటీల్లో ఎంత బలవంతులైనా కాంపౌండ్ విల్లు 60 పౌండ్లు దాటకూడదని నియమం ఉంది. శివధనుస్సు ఎత్తడం స్వయంవరానికి పరీక్ష, మన పిల్లకు ఆ పరీక్ష లేదు.

బరువెక్కువైతే వచ్చే నష్టం మాత్రం పెద్దది. పోటీలో మొదటి అంచెకే 72 బాణాలు వెయ్యాలి. విల్లు 10 పౌండ్లు ఎక్కువైతే, ఆ పూట అదనంగా లాగే బరువు 720 పౌండ్లు. అంటే మూడు క్వింటాళ్ల బియ్యం పైమాటే! ఎదిగే పిల్లల ఎముకల చివర్లు ఇంకా గట్టిపడి ఉండవు. వీపు కండరాలతో లాగవలసిన పిల్ల, చాలక భుజం ఎగరేసి, నడుం వంచి లాగుతుంది. ఆ వంకర అలవాటైతే మాన్పించడం కష్టం. భుజం నొప్పి మొదలైతే ఆటే మానేస్తుంది. "మా పిల్లకు ఆసక్తి పోయిందండీ" అంటాం మనం. ఆసక్తి పోయిందో, భుజం పోతున్నదో ముందు కనుక్కోవాలి.

బరువు సరిపోయిందో లేదో చూసే విధానం ఇది. శిక్షకుడి ఎదుట, లక్ష్యంవైపు బాణం పెట్టే చేయించండి. విల్లును ఆకాశంవైపు ఎత్తకుండా, లక్ష్యానికి సూటిగా పెట్టి నారిని లాగగలగాలి. వణకకుండా పదిహేను అంకెలు లెక్కపెట్టేవరకు పట్టుకోవాలి. తర్వాత బాణం వదలకుండా, నెమ్మదిగా నారిని యథాస్థానానికి తేగలగాలి. కుర్చీలో కూర్చునీ ఇదే చెయ్యగలగాలి. ముప్పయ్యో బాణం కూడా మొదటిదానిలాగే వస్తే ఆ బరువు మీ పిల్లది. ఎక్కడ తడబడినా రెండు, నాలుగు పౌండ్లు తగ్గించండి. ఇంకొక్క మాట: బాణం లేకుండా నారిని లాగి వదలనివ్వకండి. బాణానికి పోవలసిన బలమంతా విల్లుకే తగిలి అది పగలవచ్చు. వేగం కోసం మరీ తేలిక బాణాలు వాడినా అదే ప్రమాదం.

రికర్వ్ అయితే పన్నెండేళ్ల పిల్లకు 14 నుంచి 18 పౌండ్లు, పెద్దవాళ్లకు 18 నుంచి 24 పౌండ్లు మొదట్లో చాలు. విల్లు మీద రాసిన బరువు 28 అంగుళాలు లాగితే వచ్చేది. పిల్ల అంత లాగదు కనుక చేతికి వచ్చేది ఇంకా తక్కువే. మధ్య భాగం అలాగే ఉంచి, పైనా కిందా ఉండే బద్దలు మాత్రం మార్చుకునే రకం కొంటే ఖర్చు కలిసివస్తుంది. రికర్వ్ పోటీల్లో పెద్దవాళ్లకు దూరం 70 మీటర్లు, దానికి బలమైన విల్లు కావలసిందే. అక్కడికి రెండేసి పౌండ్ల చొప్పున, నెలల తరబడి ఎక్కాలి.

కాంపౌండ్ కొనేటప్పుడు, "ఇది ఎంత వేగం?" అని అడగకండి. "దీన్ని ఎన్ని పౌండ్ల దాకా తగ్గించవచ్చు? లాగే పొడవు ఎన్ని అంగుళాలకు కుదించవచ్చు?" అని అడగండి. ఈ రెండు అంకెలూ మీ అమ్మాయి కొలతలకు సరిపోతేనే డబ్బు తీయండి. ఆమెను వెంట తీసుకువెళ్లి, పైన చెప్పినట్టు అక్కడే లాగించి చూడండి.