నవ్వు: చేటెప్పుడు, మేలెప్పుడు?

"నవ్వు నాలుగు విధముల చేటు" అని మనవారి సామెత. తరగతిలో ఇకిలించిన పిల్లవానిని మందలించునపుడు పెద్దల నోట మొదట వచ్చు మాట ఇదియే. కాని భరతముని తన నాట్యశాస్త్రమున హాస్యమును ఎనిమిది రసములలో ఒకటిగా లెక్కించి, శృంగారము ప్రక్కనే దానికి పీట వేసినాడు. లోకము చేటన్నదానికి శాస్త్రము పీట వేయుట యేమి? విచారించి చూచిన రెండు మాటలును నిజమే. నవ్వులన్నియు ఒక జాతివి కావు.

ఈ సంగతి భరతునికి తెలియును. స్మితము, హసితము, విహసితము, ఉపహసితము, అపహసితము, అతిహసితము అని ఆయన నవ్వును ఆరు తెరగులుగా విభజించినాడు. పలువరుస కనబడని చిరునవ్వు స్మితము. పండ్లు కొంచెము కనబడునది హసితము. ఇవి ఉత్తమ పాత్రలకు తగినవి. నడిమి రెండును మధ్యములకు. కన్నీరు తిరుగునట్లు, డొక్కలు పట్టుకొని నవ్వు కడపటి రెండును అధములకు.

రంగస్థల మర్యాదకు ఈ తారతమ్యము సరియే. దేహారోగ్యమునకు మాత్రము ఆ కడపటి పంక్తి నవ్వే ఎక్కువ ఉపకారియని తోచును. కడుపార నవ్వునపుడు ఉదర కండరములును, ప్రక్కటెముకల నడిమి కండరములును పదేపదే బిగిసి ఊపిరితిత్తులలోని గాలిని వెలికి త్రోయును. గుండె కొంత వడిగా కొట్టుకొనును. నవ్వు ఆగిన పిమ్మట కండరములు సడలును, మనస్సు తేలికపడును. ఆక్స్‌ఫర్డ్ విశ్వవిద్యాలయమునకు చెందిన రాబిన్ డన్‌బార్, ఆయన సహచరులు 2011లో ప్రకటించిన పరిశోధనలో, హాస్యదృశ్యములు చూచి బిగ్గరగా నవ్వినవారు అంతకు ముందుకంటె ఎక్కువ నొప్పిని ఓర్చుకొనగలిగిరి. దేహమే తయారుచేసికొను ఎండార్ఫిన్లు అను పదార్థములు ఇందుకు కారణమై యుండునని వారు తలచిరి.

మరియొక విశేషము కలదు. అమెరికా శాస్త్రజ్ఞుడు రాబర్ట్ ప్రొవైన్ జనుల నిత్యవ్యవహారమును గమనించి, ఒంటరిగా నున్నపుడుకంటె నలుగురిలో నున్నపుడు మనుష్యుడు 30 రెట్లు ఎక్కువగా నవ్వునని తేల్చినాడు. ఆ నవ్వులలో అధికభాగము చమత్కారములకు వచ్చినవి కావు. మామూలు మాటలకు వచ్చినవే. 1995లో ముంబయిలోని ఒక ఉద్యానవనమున వైద్యుడు మదన్ కటారియా ఐదుగురితో ప్రారంభించిన నవ్వుల సంఘమునకు హాస్యకథలు కొలదిరోజులకే తరిగిపోయినవి. అప్పుడు వారు ఊరకయే కలిసి నవ్వుట అభ్యసించిరి. ఆ పద్ధతి నేడు పలుదేశములకు వ్యాపించినది. నవ్వునకు కావలసినది చమత్కారముకంటె తోడు అని దీనివలన తెలియుచున్నది.

సామెత చెప్పిన చేటు కూడ ఇచ్చటనే యున్నది. ఒకనితో కలిసి నలుగురు నవ్విన మేలు. ఒకనిని చూచి నలుగురు నవ్విన చేటు. మయసభలో భంగపడిన సుయోధనుని చూచి నవ్విన నవ్వు ఎంత పగను రగిల్చినదో భారతము చదివినవారికి చెప్పనక్కరలేదు. తరగతిగదియు ఒక సభయే. రాముడు "శరము" వేసెనని చదువవలసిన పిల్లవాడు "సరము" వేసెనని చదివినాడనుకొందము. తరగతి గొల్లుమనును. ఉపాధ్యాయుడును వారితో చేరి వెక్కిరించెనా, ఆ పిల్లవాడు ఆ యేడు మరల నోరు విప్పడు. అట్లుగాక, "రాముడు పూలసరమే వేసియుండిన యుద్ధమే లేకపోవునుగదా!" అని మాటను మలచెనా, పిల్లవాడును నవ్వును, శకారమును నేర్చును. నవ్విన నాపచేనే పండునని మరియొక సామెత కలదు. కాని నవ్వులపాలైన పిల్లలందరును అట్లు పండరు, పలువురు ఎండిపోదురు.

ఈ విద్య మన ఉపాధ్యాయులకు క్రొత్తది కాదు. మునిమాణిక్యం నరసింహారావుగారు బడిపంతులు. చాలీచాలని జీతముతో గడచు పంతులింటి సంసారమునుండియే ఆయన కాంతం కథల హాస్యమును తీసినారు. ఆ కథలలో మాటకు మాట వచ్చినపుడు తరచు ఓడిపోవువాడు కథ చెప్పు భర్తయే. తన్ను చూచి తాను నవ్వుకొనగలవాడు ఇతరులను నొప్పింపడు.

నవ్వు సర్వరోగ నివారిణి యని నా భావము కాదు. రోగమునకు వైద్యుడు కావలయును. వారములతరబడి దిగులు వీడని విద్యార్థిని "నవ్వుమురా" అనిన ప్రయోజనము లేదు. వాని మాట ఓపికతో వినవలయును, అవసరమైనచో వైద్యునికడకు తోడు పోవలయును. కాని పరీక్షల భారముతో బిగిసియున్న పిల్లలకును, ఉత్తరపత్రముల కట్టలతో అలసియున్న గురువులకును దినమున కొన్ని నిమిషములు కలిసి నవ్వుట కాసు ఖర్చులేని విశ్రాంతి. రేపు సోమవారము. మొదటి గంటలో హాజరు పిలిచిన పిమ్మట, ఎవరిని నొప్పింపని నవ్వుమాట ఒక్కటి చెప్పి పాఠము మొదలిడుడు.