అవ్వ మాట పాట కింద పడిపోకుండా: ఫొటోల వీడియోకు శబ్దం కలిపే పద్ధతి

షష్టిపూర్తి అయినా, సంవత్సరీకం అయినా పాత ఫొటోలను వరుసగా తెర మీద వేయడం ఇప్పుడు మన కంటోన్మెంట్ ఇళ్లలో మామూలే. మేమూ చేశాం. అవ్వ చెప్పిన మాటలు ఫోన్‌లో రికార్డు చేసి, కింద ఒక సినిమా పాట పెట్టాం. ఇయర్‌ఫోన్లలో బాగానే వినిపించింది. ఫంక్షన్ హాల్లో పెద్ద స్పీకర్ల మీద వేస్తే పాట తప్ప ఇంకేమీ తెలియలేదు. ముందు వరుసలో కూర్చున్న అవ్వ, "నేను చెప్పింది యాడ పోయిందిరా?" అని అడిగింది.

తప్పు మాదే. హాల్లో గోడలకు తగిలి శబ్దం మార్మోగుతుంది, చిన్న గొంతు అందులో కలిసిపోతుంది. పైగా పాటలోనూ మాటలున్నాయి. రెండు మాటలు ఒకేసారి వినిపిస్తే చెవి దేన్నీ సరిగా పట్టుకోదు. ఈ ఊరి రంగస్థలానికి ఈ సంగతి ఎప్పుడో తెలుసు. నాటకమంటే పద్యాల రాగాలాపనే అనుకునే రోజుల్లో బళ్లారి రాఘవ (1880–1946) మాటకూ నటనకూ పెద్దపీట వేశాడు.

మనకు ఇంకో కారణం కూడా ఉంది. 1953 అక్టోబరు 1న ఆదోని, ఆలూరు, రాయదుర్గం ఆంధ్రకు వెళ్లాయి, బళ్లారి మైసూరు రాష్ట్రంలో చేరింది. ఆ రోజులు గుర్తున్నవాళ్లు ఇప్పుడు ఎనభై దాటారు. మన పిల్లలు చాలామంది బడిలో చదివేది కన్నడం, ఇంగ్లీషు. వాళ్లకు తెలుగు చెవితోనే అందాలి.

అందుకే ముందు గొంతు రికార్డు చేయండి, ఫొటోల సంగతి తర్వాత. ఫ్యాను ఆపి, తలుపులు మూసి, పరుపులూ దుప్పట్లూ ఉన్న గదిలో కూర్చోబెట్టండి. బట్ట మార్మోతను మింగేస్తుంది. ఫోను నోటికి జానెడు దూరంలో, కాస్త పక్కగా ఉండాలి. మొదట అర నిమిషం ఎవరూ మాట్లాడకుండా గది నిశ్శబ్దాన్ని రికార్డు చేసుకోండి. కంప్యూటర్లో ఉచితంగా దొరికే ఆడాసిటీ ఆ ముక్కను నమూనాగా తీసుకుని వెనక రొదను తగ్గిస్తుంది. మరీ ఎక్కువ తగ్గిస్తే మనిషి నీళ్లలోంచి మాట్లాడినట్టు ఉంటుంది, జాగ్రత్త.

ఇక కలపడం. మాటకు ఒక ట్రాకు, సంగీతానికి ఒకటి, చప్పుళ్లకు ఒకటి. మాట ఎత్తైన చోట మీటరు మైనస్ 6 డెసిబెల్ దగ్గర ఉంటే చాలు. సున్నా దాటితే గొంతు పగిలినట్టు వస్తుంది. సంగీతం ఎంత తగ్గాలి? వెబ్ ప్రమాణాలు రాసే డబ్ల్యూ3సీ మార్గదర్శకాల్లో ఒకటి, మాట కన్నా వెనక శబ్దం 20 డెసిబెల్ తక్కువ ఉండాలంటుంది. అంటే చెవికి దాదాపు నాలుగో వంతు. వినికిడి తగ్గిన పెద్దవాళ్లుండే హాల్లో ఇదే సరైన లెక్క. ఆడాసిటీలో ఆటో డక్ అనే సదుపాయం మాట వచ్చినప్పుడు సంగీతాన్ని దానంతటదే దించుతుంది. దానికి సంగీతం ట్రాకు పైన, మాట ట్రాకు సరిగ్గా దాని కింద ఉండాలి. మామూలుగా 12 డెసిబెల్ దించుతుంది, మనం పెంచుకోవచ్చు.

పాట వద్దు, వాద్యం చాలు. వీణ గానీ వేణువు గానీ మాట కింద ఒదిగి ఉంటాయి. నాదస్వరం ఒదగదు, దాన్ని పెళ్లి ఫొటోల దగ్గర, మాట లేని చోట పూర్తిగా పలకనివ్వండి. సినిమా పాట పెట్టి యూట్యూబ్‌లో ఎక్కిస్తే హక్కుల చిక్కు కూడా వస్తుంది.

చప్పుళ్లు వంటలో ఇంగువలాగా ఉండాలి. తాత రైలు దిగిన కథ ఉంటే, మన కంటోన్మెంట్ స్టేషన్ దగ్గర నిలబడి కూత మీరే రికార్డు చేసుకోండి. మాటకూ మాటకూ మధ్య రెండు సెకన్లు చాలు. మాట మీద వేయకండి. ఫొటోకో టపటప, ఫొటోకో గంట పెట్టే సరదా మాకూ ఉండేది.

చివరికి ఫొటోల నిడివిని మాటకు తగ్గట్టు సర్దండి. అయ్యాక ఫోను స్పీకరులో ఒకసారి, టీవీలో ఒకసారి, కుదిరితే హాల్లో ముందు రోజే ఒకసారి వినండి. కథ తెలియని పొరుగింటివాళ్లను కూర్చోబెట్టండి. మనకు కథ తెలుసు కాబట్టి వినపడకపోయినా విన్నట్టే అనిపిస్తుంది.

ఏదీ కలపని అసలు రికార్డింగును వేవ్ ఫైలుగా, పేరూ తేదీ రాసి, రెండు చోట్ల దాచండి. అందులో దగ్గునూ, మధ్యలో దొర్లిన కన్నడ మాటనూ కోయకండి. మా అవ్వ "సంతె" అంటుంది, సంత అనదు.