సెట్టు మేడ మీద, మైకు కింది గదిలో

హామ్ రేడియో, అంటే లైసెన్సుతో అభిరుచి కోసం నడిపే రేడియో, ఉన్న ఇళ్లలో తప్పకుండా వచ్చే పేచీ ఒకటుంది. యాంటెన్నా ఎంత ఎత్తున ఉంటే అంత మంచిది కాబట్టి అది డాబా మీద, వాటర్ ట్యాంకు పక్కన ఇనుప గొట్టానికి బిగించి ఉంటుంది. మాట్లాడే మనిషేమో కింద హాల్లోనో పడకగదిలోనో ఉంటాడు. మధ్యలో రెండంతస్తుల మెట్లు. సెట్టు యాంటెన్నా దగ్గరుంటే మనిషి పైకెక్కాలి, మనిషి దగ్గరుంటే యాంటెన్నా కేబుల్ కిందిదాకా దిగాలి. మోకాళ్ల నొప్పులున్న పెద్దవాళ్లకు మెట్లెక్కడం రోజూ కష్టమే. తుపాను రాత్రి, మెట్ల మీద నీళ్లు పారుతున్నప్పుడు ఎవరికైనా కష్టమే. అందుకే చాలామంది ముప్పై మీటర్ల కేబుల్ కొని కిందికి లాగేస్తారు. ఆ పని చేసేముందు ఒక్కసారి లెక్క చూసుకోమంటాను. చాలా ఇళ్లలో యాంటెన్నా కేబుల్‌ను ముట్టుకోకుండా, సెట్టు మీది నాబ్‌లను, బటన్లను, మైకును కిందికి తెచ్చుకోవడమే లాభం.

మన దేశంలో హామ్‌లు ఊరిమట్టుకు మాట్లాడుకునే వీహెచ్‌ఎఫ్ బ్యాండు 144 నుంచి 146 మెగాహెర్ట్జ్. ఆ పౌనఃపున్యం దగ్గర, చవగ్గా దొరికే సన్నరకం ఆర్‌జీ-58 కేబుల్ 30 మీటర్ల పొడవులో సుమారు 6 డెసిబెల్స్ మింగేస్తుంది. సెట్టు 50 వాట్లు పంపితే యాంటెన్నాకు చేరేవి పన్నెండున్నర వాట్లే. మిగతాది దారి పొడవునా కేబుల్‌ను వెచ్చబెట్టడానికే సరిపోతుంది. చిటికెన వేలంత లావుండే ఆర్‌జీ-213 వేస్తే 27 వాట్ల దాకా దక్కుతాయి గానీ, దాని ధర ఎక్కువ, మూలల దగ్గర వంగదు. పంపేటప్పుడే కాదు, వినేటప్పుడూ ఇదే నష్టం. దూరపు స్టేషన్ నుంచి అందే బలహీనమైన సంకేతం నాలుగో వంతుకు పడిపోయి కిందికి దిగాక, సెట్టు దాన్ని ఎంత పెద్దది చేసినా పోయింది తిరిగి రాదు.

పౌనఃపున్యం పెరిగేకొద్దీ విద్యుత్తు తీగ లోపలికి వెళ్లదు, పైపొరను పట్టుకునే పారుతుంది. 145 మెగాహెర్ట్జ్ దగ్గర రాగిలో ఆ పొర మందం అయిదున్నర మైక్రోమీటర్లు. అంటే తీగ ఎంత లావున్నా పనికొచ్చేది పైనున్న పల్చటి తొడుగే. 7 మెగాహెర్ట్జ్ షార్ట్‌వేవ్ బ్యాండులో ఈ బాధ చాలా తక్కువ. అదే ఆర్‌జీ-58 అక్కడ సుమారు నాలుగింట మూడు వంతుల శక్తిని క్షేమంగా దాటిస్తుంది. షార్ట్‌వేవ్ మాత్రమే వాడేవారు కేబుల్ కిందికి దించుకున్నా పెద్దగా పోయేదేమీ లేదు.

ఇప్పుడు మనిషికీ సెట్టుకూ మధ్య నిజంగా నడిచేవేమిటో చూడండి. మాట, దాని పౌనఃపున్యం 3 కిలోహెర్ట్జ్‌కు మించదు. మైకు మీద నొక్కి మాట్లాడే పీటీటీ బటన్, అది రెండు తీగలను కలిపి విడదీసే స్విచ్చు మాత్రమే. నాబ్ తిప్పినప్పుడు వెళ్లే ఆజ్ఞలు, సెకనుకు కొన్ని వేల బిట్లు. వీటిలో ఏదీ ఇరవై ముప్పై మీటర్ల రాగితీగకు జంకదు.

ఈ సంగతిని కార్ల కోసం సెట్లు తయారుచేసేవారు చక్కగా వాడుకున్నారు. డాష్‌బోర్డులో చోటు చాలక, సెట్టు ఒళ్లు డిక్కీలో, ముఖం స్టీరింగ్ దగ్గర ఉండేలా రెండుగా విడదీశారు. 1995లో వచ్చిన ఐకామ్ ఐసీ-706 ముఖం ఊడదీసి కేబుల్‌తో కలుపుకునే రకం. 2003 నాటి కెన్‌వుడ్ టీఎస్-480లోనైతే పెట్టెకు ముఖమే ఉండదు, నాబ్‌లూ తెరా ఉన్న పలక మొదటినుంచీ వేరుగానే వస్తుంది. ఆ పలకలో ఒక చిన్న ప్రాసెసర్ ఉంటుంది. ఏ బటన్ నొక్కారో, నాబ్ ఎంత తిరిగిందో అది అంకెలుగా మార్చి పెట్టెలోని ప్రాసెసర్‌కు పంపుతుంది. అటునుంచి తెర మీద చూపవలసినవి తిరిగొస్తాయి. కారు కోసం ఇచ్చే కేబుల్ పొడవు కొద్ది మీటర్లే. ఇంటికి దాన్ని పొడిగించుకోవాలి.

పొడిగించడానికి ఇంటర్నెట్ వాళ్లు వాడే క్యాట్-5 లేదా క్యాట్-6 కేబుల్ చాలా సెట్లకు సరిపోతుంది. అందులో ఎనిమిది తీగలు నాలుగు జతలుగా మెలి తిరిగి ఉంటాయి. మీటరుకు దాదాపు 50 పికోఫారడ్ల కెపాసిటెన్స్ ఉంటుంది కాబట్టి 20 మీటర్లకు అది 1,000 పికోఫారడ్లు. పంపే చిప్పుకు వెయ్యి ఓమ్‌ల నిరోధం ఉందనుకున్నా సంకేతం అంచు మొద్దుబారేది ఒక మైక్రోసెకను మేరకే. సెకనుకు 9,600 బిట్ల వేగంలో ఒక్కో బిట్ నిడివి 104 మైక్రోసెకన్లు. ఆ పాటి మొద్దుదనం లెక్కలోకి రాదు.

మైకు తీగ మాత్రం సుకుమారం. మైకునుంచి వచ్చేది కొన్ని మిల్లీవోల్టులే. ఆ తీగనూ దాని గ్రౌండునూ ఒకే మెలికల జతలో పెట్టాలి. బయటి కరెంటు తీగలనుంచి వచ్చే గుయ్యిమనే రొద అప్పుడు రెండు తీగల్లోనూ దాదాపు సమానంగా పుడుతుంది. దాన్ని పూర్తిగా రద్దు చేయాలంటే రెండు కొసల్లోనూ చిన్న ఆడియో ట్రాన్స్‌ఫార్మర్ పెట్టాలి. మైకును ఒక జతలో, గ్రౌండును ఇంకో జతలో వేస్తే ఆ రొద నేరుగా మీ మాటతో కలిసి గాల్లోకి వెళుతుంది.

ఇక్కడ ఒక ప్రమాదం గురించి గట్టిగా చెప్పాలి. కొన్ని సెట్లకు టెలిఫోన్ మాదిరి ఆరు పిన్నుల ప్లగ్గు ఉంటుంది. బజారులో దొరికే టెలిఫోన్ కేబుళ్లు చాలావరకు ఒక కొసలో ఒకటో పిన్ను రెండో కొసలో ఆరో పిన్నుకు చేరేలా తిరగేసి ఉంటాయి. ఫోనుకు అది పట్టింపు కాదు. సెట్టుకు తగిలిస్తే సప్లై వోల్టేజీ వెళ్లి డేటా పిన్ను మీద పడవచ్చు, పలకలోని ప్రాసెసర్ కాలిపోవచ్చు. కేబుల్ రెండు కొసలనూ పక్కపక్కన పట్టుకుని తీగల రంగుల వరుస చూడండి. ఆ తర్వాత మల్టీమీటరు బీప్‌తో ప్రతి పిన్నునూ సరిచూడండి. అయిదు నిమిషాల పని ఇది. దీన్ని దాటవేయవద్దు.

కరెంటు సంగతి వేరు. కింది గదిలో పవర్ సప్లై పెట్టి, పైనున్న సెట్టుకు 13.8 వోల్టులు లాగుదామనే ఆలోచన సహజంగానే వస్తుంది. వంద వాట్ల షార్ట్‌వేవ్ సెట్టు మాట్లాడేటప్పుడు 20 ఆంపియర్ల దాకా తీసుకుంటుంది. ఇళ్లలో ప్లగ్గులకు వాడే 2.5 చదరపు మిల్లీమీటర్ల రాగితీగ 10 మీటర్ల దూరానికి, రానూపోనూ 20 మీటర్లకు, 0.15 ఓమ్ నిరోధం చూపుతుంది. అంటే 3 వోల్టులు దారిలోనే పోయి సెట్టుకు 10.8 అందుతాయి. ఇలాంటి సెట్లు చాలావరకు 11.7 కంటే తగ్గితే పనిచేస్తామని హామీ ఇవ్వవు. కాబట్టి పవర్ సప్లై సెట్టు పక్కనే ఉండాలి. పలకకు కావలసిన కొద్దిపాటి కరెంటు ఎటూ ఆ సన్న కేబుల్‌లోంచే వస్తుంది.

అన్నీ సరిగ్గా కలిపాక కూడా కొందరికి వింత అనుభవం ఎదురవుతుంది. వినేటప్పుడు అంతా బాగుంటుంది, పీటీటీ నొక్కగానే తెర మీద అంకెలు గెంతుతాయి, వాల్యూమ్ దానంతటదే మారుతుంది, లేదా అవతలివాళ్లు మీ గొంతు గరగరలాడుతోందంటారు. కారణం కేబుల్ పొడవులోనే ఉంది. 7.1 మెగాహెర్ట్జ్ తరంగదైర్ఘ్యం సుమారు 42 మీటర్లు, అందులో నాలుగో వంతు పదిన్నర మీటర్లు. డాబా నుంచి కింది గదికి మెట్లవెంట దిగిన కేబుల్ పొడవు కొన్ని ఇళ్లలో ఇంచుమించు అంతే ఉంటుంది. పావు తరంగం పొడవున్న తీగ చక్కటి యాంటెన్నా. అది మీ అసలు యాంటెన్నా వెదజల్లే శక్తిని పట్టుకుని నేరుగా పలకలోకి దించుతుంది.

మందు ఫెర్రైట్ రింగు. కేబుల్‌ను ఆ రింగులోంచి చుట్లు చుడితే, ఎనిమిది తీగలూ ఒకే దిశలో మోసుకొచ్చే రేడియో శక్తికి అది అడ్డుకట్ట అవుతుంది. జతలో ఎదురెదురుగా నడిచే డేటాకూ మాటకూ అడ్డు రాదు. చుట్ల సంఖ్య వర్గాన్నిబట్టి నిరోధం పెరుగుతుంది. ఒక్కసారి దూర్చిన దానికంటే ఆరు చుట్లు ఇంచుమించు 36 రెట్లు బలం. కేబుల్ మీద క్లిప్పు పెట్టే చిన్న ఫెర్రైట్లు ఒకటి రెండు తగిలించి లాభం లేదనేవారు దాదాపు ఎప్పుడూ ఈ చుట్ల లెక్క దగ్గరే ఆగిపోతారు. పెద్ద రింగు కొనండి, రెండు కొసల్లోనూ చుట్టండి. షార్ట్‌వేవ్ బ్యాండులకు 31 లేదా 43 రకం ఫెర్రైట్ తగినది.

ముఖం ఊడని పాత సెట్టు ఉన్నవారు నిరాశపడనక్కర్లేదు. సంకేతాన్ని అందుకుని తిరిగి పంపే ఒకే రిపీటర్ మీద మాట్లాడేవారికి ఛానల్ మార్చే పని తక్కువ. వాళ్లకు మైకు, స్పీకరు, పీటీటీ కిందికొస్తే చాలు. స్పీకరు తీగల్లో ఒకదాన్ని గ్రౌండుకు కలిపేముందు సెట్టు సర్క్యూట్ చూడండి. కొన్ని సెట్లలో రెండు తీగలూ ఆంప్లిఫైయర్ నుంచే వస్తాయి, గ్రౌండు చేస్తే అది కాలిపోతుంది. ఇలా సెట్టును దూరంనుంచి నడపడం టూవే రేడియోలు వాడే పెద్ద సంస్థలకు ఎంతో పాత విద్య. ట్రాన్స్‌మిటర్ కొండ మీద, ఆపరేటర్ ఊళ్లో, మధ్యలో ఒక టెలిఫోన్ జత. బటన్ నొక్కితే ముందు 2,175 హెర్ట్జ్ స్వరం ఒకటి వెళ్లి అవతలి పెట్టెను మేల్కొలుపుతుంది. వెంటనే ఏం చేయాలో చెప్పే ఇంకో స్వరం వెళుతుంది. తర్వాత మాట సాగినంతసేపూ అదే 2,175 స్వరం సన్నగా దాని కింద నడుస్తూ ట్రాన్స్‌మిటర్‌ను పట్టి ఉంచుతుంది. స్వరం ఆగితే ప్రసారం ఆగుతుంది. లైను తెగిపోయినా ప్రసారం ఆగుతుంది. ఇంత నమ్మకమైన ఏర్పాటును రెండే తీగల్లో ఇమిడ్చిన ఇంజినీర్ల పనితనం నాకు ఇప్పటికీ గొప్పగా తోస్తుంది.

ఇక వైఫై దారి. ఐకామ్ ఐసీ-705 వంటి కొత్త సెట్లలో అది లోపలే ఉంది. పాతవాటికి యూఎస్‌బీ కేబుల్‌తో రాస్ప్‌బెర్రీ పై అనే చిన్న కంప్యూటర్ తగిలించి, హామ్‌లిబ్ అనే ఉచిత సాఫ్ట్‌వేర్ నడిపితే కింద ల్యాప్‌టాప్‌లో పౌనఃపున్యం మార్చుకోవచ్చు. ఐకామ్ పద్ధతిలో సెట్టును 7.100 మెగాహెర్ట్జ్‌కు మార్చమనే ఆజ్ఞ మొత్తం 11 బైట్లే. 19,200 వేగంలో ఆరు మిల్లీసెకన్లలోపే అది చేరిపోతుంది. చిక్కు మాట దగ్గర వస్తుంది. శబ్దాన్ని ముక్కలు చేసి ప్యాకెట్లుగా పంపి మళ్లీ కూర్చడంలో పదుల నుంచి వందల మిల్లీసెకన్ల ఆలస్యం తప్పదు. మామూలు మాటలకు ఇబ్బంది లేదు. మోర్స్ కొట్టేవారికి మాత్రం తమ చుక్కలూ గీతలూ తమకే ఆలస్యంగా వినపడితే చెయ్యి తడబడుతుంది. ఇంటిలోపలి దూరాలకు ఎనిమిది తీగల కేబులే మేలని నా తీర్పు. రౌటర్ ఆగిపోయినా అది ఆగదు. వైఫైకి ఒక్క విషయంలో తిరుగులేని ఆధిక్యం ఉంది. పిడుగు పడినప్పుడు పైనుంచి కిందికి రాగిదారి ఉండదు. కేబుల్ వేసినవారు ఉరుములు వినపడగానే యాంటెన్నాతోపాటు ఈ కేబుల్‌ను కూడా ఊడదీయాలి.

సెట్టును పైన ఒంటరిగా వదిలేస్తున్నామని మరవకూడదు. 20 ఆంపియర్లు తీసుకుని 100 వాట్లు పంపే సెట్టు మిగతా 176 వాట్లను వేడిగా వదులుతుంది. మే నెలలో రేకుల గదిలో అది చిన్న విషయం కాదు. గాలి ఆడే చోటు చూడండి. పీటీటీ ఇరుక్కుపోతే కింద కూర్చున్నవారికి తెలియకపోవచ్చు. అందుకే నిర్ణీత నిమిషాల తర్వాత ప్రసారాన్ని దానంతటదే ఆపే టైమర్‌ను మెనూలో తప్పక ఆన్ చేయండి. మైకు హాల్లోకి వచ్చిందంటే పిల్లల చేతికీ అందుతుంది. లైసెన్సు లేనివారు బటన్ నొక్కితే జవాబుదారీ లైసెన్సుదారుదే. పన్నెండేళ్లు నిండిన పిల్లలు పరీక్ష రాసి సొంత లైసెన్సే తెచ్చుకోవచ్చు. హైదరాబాద్‌లోని నేషనల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ అమెచ్యూర్ రేడియో ఈ రంగంలో దశాబ్దాలుగా పనిచేస్తోంది.

కేబుల్ గోడవెంట బిగించేముందు, అదే పూర్తి పొడవును నేలమీద పరిచి ఒకసారి ప్రయత్నించండి. యాంటెన్నా బదులు, శక్తిని గాల్లోకి వదలకుండా వేడిగా మార్చే డమ్మీ లోడ్ తగిలించి 5 వాట్లతో మొదలుపెట్టండి. అంతా సవ్యంగా ఉంటే యాంటెన్నా కలిపి మళ్లీ 5 వాట్ల నుంచే పెంచుకుంటూ వెళ్లండి. ఏ వాటేజీ దగ్గర తెర తడబడిందో రాసుకుంటే ఫెర్రైట్ ఇంకెన్ని చుట్లు కావాలో అదే చెబుతుంది.