ఇంటి రౌటరు: అమరికయు, రక్షణయు

బెంగుళూరు నగరమున అపార్టుమెంటులలో కాపురముండు మనవారి యిండ్లలో ఆప్టికల్ ఫైబరు తీగ సాధారణముగ ఒక చిన్న పెట్టెయందు ముగియును. దానినే రౌటరు అనుచున్నాము. తీగ ఆ పెట్టెతో ఆగును గాని, పెట్టెనుండి వెలువడు రేడియో తరంగములు గోడతో ఆగవు. ప్రక్కవారి వంటగదిలోను, క్రింద వాహనములు నిలుపు చోటను, ఒక్కొక్కప్పుడు వీధిలోను అవి అందుచుండును. కావున ఈ పెట్టెకు తాళము ఎట్టిది, దాని చెవి ఎవరెవరి చేతిలో నున్నది అనునది ప్రతి గృహస్థుడు విచారింపదగిన విషయము.

ఈ విచారణ వృథా కాదనుటకు 2008వ సంవత్సరపు సంఘటన యొకటి చాలును. ఆ యేట జూలై 25న బెంగుళూరులోను, మరునాడు అహమ్మదాబాదులోను వరుసగ బాంబులు పేలెను. అహమ్మదాబాదు పేలుళ్ళకు కొలది నిమిషములు ముందు వార్తాసంస్థలకు ఒక ఈ-మెయిలు చేరెను. పోలీసులు జాడ తీయగా, అది నవీ ముంబయిలో నివసించుచున్న ఒక అమెరికను దేశస్థుని యింటి కనెక్షను ద్వారా వెడలినట్లు తేలెను. ఆ యింటి వైఫైకి తాళము లేకుండుటచే అన్యులు దానిని వాడుకొనిరి. గృహస్థునకు ఆ నేరముతో సంబంధము లేకపోయినను విచారణ తప్పలేదు. అటుపిమ్మట 2009 ఫిబ్రవరిలో కేంద్ర టెలికాం శాఖ వైఫై సురక్షిత వినియోగమును గూర్చి ఇంటర్నెట్ సంస్థలకు ఉత్తరువు లొసగెను. కనెక్షను ఎవరి పేర నున్నదో, పోలీసులు మొదట వారి గడపనే తొక్కుదురు.

ఇక అమరిక. పని త్వరగా ముగించుకొన గోరి పనివారు రౌటరును వీధి తలుపు ప్రక్కనో, టీవీ వెనుకనో బిగించి పోవుదురు. ఇంటి నడుమ, మనిషి ఎత్తున, బయలుగ నుంచుట మేలు. ఇనుప బీరువా, రిఫ్రిజిరేటరు, పెద్ద అద్దము తరంగములకు అడ్డుపడును. 2.4 గిగాహెర్ట్జ్ తరంగములు దూరము పోవును గాని, వానికి రద్దీ హెచ్చు. 2005లో మన ప్రభుత్వము లైసెన్సు అక్కరలేకుండ విడిచిన ఈ పట్టికను ఇరుగుపొరుగు రౌటర్లన్నియు పంచుకొనవలెను. మైక్రోవేవ్ పొయ్యియు ఇందే పనిచేయును. దీనిలో ఒకదాని నొకటి ఒరయని ఛానెళ్ళు 1, 6, 11 అను మూడు మాత్రమే. 5 గిగాహెర్ట్జ్ తరంగములు వేగము గలవి, కాని కాంక్రీటు గోడకు త్వరగ క్షీణించును. రౌటరున్న గదిలో రెండవది, దూరపు గదిలో మొదటిది వాడుకొనుట యుక్తము.

రక్షణ విషయమున మొదట గ్రహింపవలసినది, రౌటరునకు చెవులు రెండు కలవని. ఒకటి వైఫై పాస్‌వర్డు. ఇంటికి వచ్చిన చుట్టము అడుగునది ఇదియే. రెండవది రౌటరు యాజమాన్యపు పాస్‌వర్డు. పెట్టె అడుగున అతికించిన చీటీపై నున్న 192.168.1.1 వంటి చిరునామాను బ్రౌజరులో టైపు చేసినచో అది యడుగబడును. పెక్కుమంది ఈ రెండవ చెవి యున్నదని యెరుగరు. తయారీదారు పెట్టిన పదమే సంవత్సరముల తరబడి నిలిచియుండును. దీనివలని అపాయము పెద్దది. మనము బ్యాంకు పేరు టైపు చేసినప్పుడు ఆ పేరునకు సరియైన సంఖ్యా చిరునామాను తెలుపు డీఎన్‌ఎస్ అను వ్యవస్థ కలదు. క్రొత్త ఊరిలో దారి చెప్పు మనిషివంటి దది. రౌటరు యాజమాన్యము చేజిక్కినవాడు ఆ మనిషిని మార్చి, మనలను దొంగ బ్యాంకు ముంగిట నిలుపగలడు. 2011లో బ్రెజిల్ దేశమున సుమారు 45 లక్షల మోడెములలో ఇట్లే జరిగెను. అచట లోపము మోడెములోని సాఫ్ట్‌వేరునందే యుండెను. అందుచే రౌటరు సాఫ్ట్‌వేరును ఎప్పటికప్పుడు నవీకరించుటయు, బయటినుండి యాజమాన్యము చేయనిచ్చు ‘రిమోట్ మేనేజిమెంటు’ను మూయుటయు అవసరము.

వైఫై తాళములలో 1997 నాటి వెప్ అనునది 2001లోనే ఛేదింపబడెను; అది నేడు తాళము కాదు. 2004లో వచ్చిన డబ్ల్యూపీఏ2, 2018లో వచ్చిన డబ్ల్యూపీఏ3 మాత్రమే ఎన్నుకొనదగినవి. మొదటిదానిలో ఒక చిక్కు కలదు. ఫోను రౌటరుతో కలియునప్పుడు జరుగు సంభాషణను వెలుపలివాడు పట్టి, తన యింటికి కొనిపోయి, తీరికగ ఒక్కొక్క పాస్‌వర్డును ఊహించి సరిచూడవచ్చును. డబ్ల్యూపీఏ3లో ఇట్టి వీలు లేదు. ప్రతి ఊహకును రౌటరునే అడుగవలెను. కాని పాత ఫోన్లు, టీవీలు కొన్ని దీని నెరుగవు. కావున పాస్‌వర్డు బలమే ఇప్పటికిని మనకు దిక్కు.

ఇచ్చట మనవారి యలవాటొకటి చెప్పక తప్పదు. కనెక్షను ఇచ్చువారు ఇంటి యజమాని మొబైలు నంబరునే పాస్‌వర్డుగ పెట్టుదురు. మనము ‘జ్ఞాపకముండును గదా’ యని ఊరకుందుము. పది అంకెలు చూడ పెద్దవే. కాని మన దేశపు మొబైలు నంబరు 6 మొదలు 9 వరకు గల అంకెతోనే ఆరంభమగును గనుక, సాధ్యమైనవి మొత్తము 400 కోట్లు. సెకనుకు లక్ష చొప్పున సరిచూచుట నేటి సామాన్యపు గ్రాఫిక్స్ కార్డుకు కష్టము కాదు. ఆ లెక్కన అన్నియు ముగియుటకు 40,000 సెకన్లు, అనగా రమారమి పదునొకండు గంటలు. రాత్రి మొదలిడినచో ఉదయపు కాఫీ వేళకు తాళము తెరచుకొనును. ఇది ఊహ కాదు. 2021లో సైబర్‌ఆర్క్ సంస్థ పరిశోధకు డొకడు ఇజ్రాయెలులోని టెల్ అవీవ్ వీధులలో తిరిగి 5,000 నెట్‌వర్కుల సమాచారము సేకరించి, నూటికి డెబ్బదింటి పాస్‌వర్డులను కనిపెట్టెను. వానిలో పెక్కు మొబైలు నంబర్లే.

దీనికి ప్రతిగ, పరస్పర సంబంధము లేని తెలుగు మాటలు ఐదింటిని ఇంగ్లీషు అక్షరములలో వ్రాసికొనుట సులభోపాయము. అటక, చింతపండు, నాగలి, పిడుగు, తాంబూలము అనునట్లు. (ఈ ఉదాహరణ అచ్చులో పడినది గనుక దీనినే పెట్టుకొనరాదు.) ఐదువేల మాటలు గల పట్టికనుండి చీట్లెత్తి ఐదింటిని తీసినచో, పై వేగమున అన్నిటిని సరిచూచుటకు రమారమి పదిలక్షల సంవత్సరములు పట్టును. చీట్లెత్తుట ముఖ్యము, మనసునకు తోచిన మాటలు, ఇష్టదైవము పేరునకు 123 చేర్చుట, అందరకు కంఠస్థమైన పద్యపాదము పనికిరావు.

మీట నొక్కి కలుపు డబ్ల్యూపీఎస్ అను సదుపాయమును ఆపివేయుట మంచిది. దానికి ఎనిమిదంకెల సంఖ్య యొకటి కలదు. చివరి అంకె తక్కినవాని లెక్కనుండి వచ్చును. పైగా రౌటరు ఆ సంఖ్యను రెండు భాగములుగ సరిచూచును. అందుచే కోటి ఊహలు పట్టవలసినచోట 11,000 చాలునని 2011లో వెల్లడియైనది.

చుట్టములకు, టీవీలకు, కెమెరాలకు ‘గెస్టు’ నెట్‌వర్కును వేరుగ నుంచినచో అసలు చెవి చేతులు మారదు. నెట్‌వర్కు పేరున ఫ్లాటు సంఖ్య, ఇంటిపేరు చేర్చుట మనవారికి ముచ్చట. ఇంటిపేరు లేనిదే మనము శుభలేఖయైన అచ్చు వేయము. కాని వెలుపలివానికి ఏ తరంగము ఏ యింటిదో అది చాటిచెప్పును.

అద్దె యిండ్లు మారుట ఈ నగరమున సామాన్యము. ఇల్లు ఖాళీ చేసి రౌటరును తిరిగి ఒప్పగించునప్పుడు దాని వెనుకనున్న సన్నని రంధ్రమున పిన్ను గ్రుచ్చి పది సెకన్లు అదిమిపట్టవలెను. మనము పెట్టిన పేర్లు, పాస్‌వర్డులు అన్నియు తుడిచికొనిపోవును. క్రొత్త యింటిలో పాత అద్దెదారు విడిచిన రౌటరున్నచో, మొదటి దీపము వెలిగింపకమునుపే దానికిని ఇట్లే చేయవలెను.