అమర జవాన్ల గురించి ఎనిమిది అపోహలు

ఏటా జులై 26 రాగానే ఫోన్లన్నీ మువ్వన్నెల జెండాలతో, తుపాకీ మీద హెల్మెట్ ఉన్న బొమ్మలతో నిండిపోతాయి. అది కార్గిల్ విజయ్ దివస్. 1999 మే నుంచి జులై దాకా సాగిన ఆ పోరులో 527 మంది మన సైనికులు ప్రాణాలు వదిలారు, 1,363 మంది గాయపడ్డారు. వాళ్లను తలుచుకోవాలనిపించడం మంచి విషయమే. చిక్కల్లా ఆ బొమ్మల కింద రాసే మాటలతోనే. జవాను పేరుతో వచ్చిన సందేశాన్ని అనుమానించడానికి మనకు మొహమాటం. కానీ ఆ మొహమాటం వల్ల నష్టపోయేదీ జవాన్లే. ఒకరు చేసిన సాహసం మరొకరి ఖాతాలో పడుతుంది, కొందరి మరణం అసలు లెక్కలోకే రాదు, కుటుంబాలకు చేరాల్సిన సాయం దారి తప్పుతుంది. అందుకే తరచూ వినిపించే ఎనిమిది అపోహలను ఒక్కొక్కటిగా చూద్దాం.

అపోహ 1: విజయ్ దివస్ అన్నా, అమరవీరుల దినం అన్నా ఒకటే. అన్నీ సైనికుల కోసమే.

వాస్తవం: మన దేశంలో అమరులను స్మరించుకునే రోజులు చాలా ఉన్నాయి, దేని కథ దానిదే. జులై 26 కార్గిల్‌ది. ఉత్త 'విజయ్ దివస్' అంటే డిసెంబర్ 16. 1971లో ఆ రోజున ఢాకాలో పాకిస్తాన్ లెఫ్టినెంట్ జనరల్ నియాజీ, మన లెఫ్టినెంట్ జనరల్ జగ్‌జీత్ సింగ్ అరోరా సమక్షంలో లొంగుబాటు పత్రం మీద సంతకం చేశాడు. దాదాపు 93 వేల మంది మనకు చిక్కారు. డిసెంబర్ 7 సాయుధ దళాల పతాక దినం, 1949 నుంచి జరుపుతున్నారు. గాంధీజీ హత్యకు గురైన జనవరి 30న ఉదయం 11 గంటలకు పాటించే రెండు నిమిషాల మౌనం స్వాతంత్ర్య పోరాటంలో ప్రాణాలిచ్చినవారి కోసం. ఇక అక్టోబర్ 21 పోలీసులది. 1959లో అదే రోజున లద్దాఖ్‌లోని హాట్ స్ప్రింగ్స్ దగ్గర చైనా సైనికుల కాల్పుల్లో పది మంది పోలీసులు చనిపోయారు. వాళ్ల స్మృతిలోనే ఊరూరా పోలీసు మైదానాల్లో కవాతు జరుగుతుంది.

అపోహ 2: విశాఖ దగ్గర ఘాజీని ముంచినందుకే డిసెంబర్ 4న నౌకాదళ దినోత్సవం.

వాస్తవం: విశాఖలో పుట్టి పెరిగినవాళ్లు కూడా ఈ మాట అంటుంటారు. పాకిస్తాన్ జలాంతర్గామి ఘాజీ 1971 డిసెంబర్ 3 అర్ధరాత్రి దాటాక విశాఖ తీరానికి దగ్గర్లో మునిగిన మాట నిజం. ఆర్కే బీచ్ రోడ్డులోని 'విక్టరీ ఎట్ సీ' స్మారకం 1971 నౌకాదళ విజయానికి గుర్తుగా వెలిసిందే. కానీ డిసెంబర్ 4ను ఎంచుకున్నది 'ఆపరేషన్ ట్రైడెంట్' కోసం. ఆ రాత్రి నిపాత్, నిర్ఘాత్, వీర్ అనే మూడు చిన్న క్షిపణి పడవలు కరాచీ తీరం దాకా వెళ్లి దాడి చేశాయి. ఖైబర్, ముహాఫిజ్ అనే పాక్ యుద్ధనౌకలు మునిగిపోయాయి. మనవైపు ఒక్క ప్రాణం కూడా పోలేదు.

దీనికి 2017లో వచ్చిన 'ఘాజీ' సినిమా ఇంకో అపోహ తోడుచేసింది. అందులో ఘాజీని ముంచింది మన జలాంతర్గామి. నౌకాదళం చెప్పే కథనంలో ఆ ఘనత ఐఎన్ఎస్ రాజ్‌పుత్ అనే యుద్ధనౌకది. లోపల జరిగిన పేలుడు వల్లే మునిగిందని పాకిస్తాన్ వాదన.

ఈ విజయగాథల సందడిలో మరుగున పడేది ఐఎన్ఎస్ ఖుక్రీ. డిసెంబర్ 9న దీవ్ తీరానికి ఆవల పాక్ జలాంతర్గామి హంగోర్ దాన్ని ముంచేసింది. 18 మంది అధికారులు, 176 మంది నావికులు పోయారు. కెప్టెన్ మహేంద్రనాథ్ ముల్లా ఓడను వదలకుండా దానితో పాటే మునిగిపోయారు. నౌకాదళ దినోత్సవ వారంలో స్మరించుకోవాల్సిన పేర్లలో వాళ్లవి ముందుండాలి.

అపోహ 3: ఇండియా గేట్ మీద ఉన్నవి స్వాతంత్ర్య సమరయోధుల పేర్లు.

వాస్తవం: ఏ మతం వారి పేర్లు ఎన్ని ఉన్నాయో లెక్కలు కట్టి మరీ తిరిగే సందేశం ఇది. అందులో ఒక్క అంకె కూడా నిజం కాదు. ఇండియా గేట్ అసలు పేరు అఖిల భారత యుద్ధ స్మారకం. 1921లో పునాదిరాయి పడింది, 1931లో వైస్రాయ్ ఇర్విన్ ప్రారంభించాడు. మొదటి ప్రపంచ యుద్ధంలోనూ, 1919 నాటి మూడో అఫ్గాన్ యుద్ధంలోనూ బ్రిటిష్ ఇండియా సైన్యం తరఫున పోరాడి మరణించినవారి కోసం కట్టారు. దాని మీద చెక్కిన పేర్లు 13 వేలకు పైచిలుకు. వాళ్లలో ఎక్కువమంది వాయవ్య సరిహద్దులో, దాని అవతల నేలకొరిగినవారు. ఆ పాలకుల కింద పనిచేశారని వాళ్లను చిన్నచూపు చూడక్కర్లేదు, సమరయోధులుగా మార్చి చెప్పుకోనూ అక్కర్లేదు.

అపోహ 4: అమర జవాన్ జ్యోతిని ఆర్పేశారు.

వాస్తవం: ఇండియా గేట్ కమాను కింద ఇప్పుడు జ్యోతి లేదు, ఆ మాట నిజమే. 1971 యుద్ధం తర్వాత, 1972 జనవరి 26న ఇందిరాగాంధీ అక్కడ దాన్ని వెలిగించారు. 2022 జనవరి 21న ఆ మంటను కాగడాతో తీసుకెళ్లి, పక్కనే ఉన్న జాతీయ యుద్ధ స్మారకంలోని జ్యోతిలో కలిపారు. తలకిందులుగా నిలిపిన తుపాకీ, దాని మీది హెల్మెట్ కూడా ఆ తర్వాత స్మారక ప్రాంగణానికే చేరాయి. యాభై ఏళ్లు వెలిగిన చోటే ఉంచాల్సిందన్న వారున్నారు, స్వతంత్ర భారత సైనికుల పేర్లున్న చోటే జ్యోతి ఉండాలన్న వారూ ఉన్నారు. ఎవరి అభిప్రాయం వారిది. జరిగింది మాత్రం జ్యోతిని మరో జ్యోతిలో కలపడం.

2019 ఫిబ్రవరి 25న ప్రారంభమైన ఆ స్మారకం నలభై ఎకరాల్లో, నాలుగు వలయాలుగా ఉంటుంది. అమర చక్రంలో జ్యోతి, వీరతా చక్రంలో యుద్ధ దృశ్యాల కంచు ఫలకాలు, త్యాగ చక్రంలో ఒక్కో సైనికుడికి ఒక్కో గ్రానైట్ పలక, బయటి రక్షక చక్రంలో చెట్ల వరుసలు. లోపలికి వెళ్లడానికి టికెట్ లేదు. రోజూ సాయంత్రం ఒక అమరుడి కుటుంబసభ్యులు వచ్చి పుష్పగుచ్ఛం ఉంచుతారు.

అపోహ 5: యుద్ధంలో తూటా తగిలి పోయినవారే అమరులు.

వాస్తవం: త్యాగ చక్రంలోని పేర్లను బట్టి చూస్తే ఈ మాట నిలవదు. యుద్ధం ప్రకటించని చోట్ల పోయినవారు కూడా అక్కడ ఉన్నారు. 1987 నుంచి 1990 వరకు శ్రీలంకలో శాంతి దళంగా పనిచేసిన మన సైన్యం వెయ్యి మందికి పైగా జవాన్లను పోగొట్టుకుంది. సియాచిన్‌లో శత్రువు కంటే చలి, మంచుచరియలు, పలచటి గాలి ఎక్కువ మందిని బలిగొన్నాయి. 2003 నవంబర్ నుంచి అక్కడ కాల్పుల విరమణ ఉన్నా మరణాలు ఆగలేదు. 2016 ఫిబ్రవరిలో ఒక్క మంచుచరియ పది మందిని పొట్టన పెట్టుకుంది.

సూర్యాపేట బిడ్డ కల్నల్ సంతోష్‌బాబు సంగతే చూడండి. 16 బిహార్ రెజిమెంట్ కమాండింగ్ అధికారిగా 2020 జూన్ 15 రాత్రి గల్వాన్ లోయలో చైనా సైనికులతో జరిగిన ఘర్షణలో మరణించారు. ఆయనతో కలిపి ఇరవై మంది పోయారు. ఆ పోరు రాళ్లతో, ఇనుప రాడ్లతో, ఉత్త చేతులతో జరిగింది. ఆయనకు మరణానంతరం మహావీర చక్ర ఇచ్చారు. తూటా పేలలేదని ఆ త్యాగం తక్కువైపోదు.

అపోహ 6: పరమవీర చక్ర చనిపోయినవారికే ఇస్తారు.

వాస్తవం: ఇప్పటిదాకా ఈ పతకం పొందినవారు 21 మంది. వారిలో ఏడుగురు బతికుండగానే అందుకున్నారు. కార్గిల్‌లో వచ్చిన నాలుగింటిలో కెప్టెన్ విక్రమ్ బత్రా, లెఫ్టినెంట్ మనోజ్ పాండేలకు మరణానంతరం దక్కగా, యోగేంద్ర సింగ్ యాదవ్, సంజయ్ కుమార్ స్వయంగా తీసుకున్నారు. యోగేంద్రకు మొదట మరణానంతర పురస్కారంగానే ప్రకటించారు. చనిపోయింది అదే పేరున్న మరో జవాను అనీ, ఈయన ఆసుపత్రిలో కోలుకుంటున్నారనీ ఆ తర్వాత తేలింది. 1962లో మేజర్ ధన్ సింగ్ థాపాదీ ఇలాంటి కథే. పోయాడనుకున్న మనిషి చైనా చెరలో సజీవంగా ఉన్నాడు.

పరమవీర చక్ర రానివారంతా తక్కువ చేశారనీ కాదు. హైదరాబాద్‌కు చెందిన మేజర్ పద్మపాణి ఆచార్య 2 రాజ్‌పుతానా రైఫిల్స్‌లో ఉండి, కార్గిల్ యుద్ధంలో ద్రాస్ సెక్టార్‌లో 1999 జూన్ 28 రాత్రి దాడికి ముందు నిలిచి నేలకొరిగారు. ఆయనకు దక్కింది మహావీర చక్ర. మన ఊళ్లో పుట్టిన వీరుడి పతకాన్ని పోస్టర్ల మీద పెంచి రాస్తే ఆయనకు గౌరవం పెరగదు.

అపోహ 7: ఎవరి భౌతికకాయం మీదైనా జాతీయ జెండా కప్పవచ్చు. దాన్ని చితితో పాటే కాల్చేస్తారు.

వాస్తవం: రెండూ తప్పే. ప్రభుత్వ లాంఛనాలతో జరిగే అంత్యక్రియల్లోనూ, సాయుధ దళాలు, కేంద్ర పారామిలటరీ దళాల వారి అంత్యక్రియల్లోనూ మాత్రమే జెండా కప్పాలి. మిగతా వాటిలో కప్పడం 1971 నాటి జాతీయ గౌరవ చట్టం కింద నేరం. కాషాయ రంగు తలవైపు ఉండాలి. దహనానికి ముందు, లేదా గోతిలోకి దించే ముందు జెండా తీసేయాలి. దాన్ని మడిచి కుటుంబం చేతికి అందిస్తారు.

అపోహ 8: జవాను చనిపోతే ప్రభుత్వం కోట్లు ఇస్తుంది, ఇక మనం చేసేదేం లేదు.

వాస్తవం: కోట్లు అన్న మాట ఎక్కడి నుంచి వచ్చిందో చెప్పడం కష్టం కాదు. గల్వాన్ తర్వాత తెలంగాణ ప్రభుత్వం సంతోష్‌బాబు కుటుంబానికి 5 కోట్ల రూపాయలు, ఇంటి స్థలం, గ్రూప్-1 ఉద్యోగం ఇచ్చింది. అదే ఘటనలో మరణించిన మిగతా 19 మంది కుటుంబాలకు 10 లక్షల చొప్పున ప్రకటించింది. పేపర్లో మొదటిది చదివి అందరికీ అంతే వస్తుందనుకుంటాం. రాష్ట్రం ఇచ్చేది రాష్ట్రాన్ని బట్టి మారుతుంది.

కేంద్రం ఇచ్చే పింఛను మరణం ఏ పరిస్థితిలో జరిగిందన్న దాన్ని బట్టి ఉంటుంది. శత్రు చర్యలో పోతే చివరి జీతంతో సమానమైన ఉదార కుటుంబ పింఛను, విధి నిర్వహణ వల్ల పోతే జీతంలో 60 శాతం, మామూలు మరణమైతే 30 శాతం. శౌర్య పతకానికి వచ్చే నెలవారీ భృతి కొనసాగాలంటే వితంతువు భర్త సోదరుణ్ణే పెళ్లాడాలన్న షరతు కూడా ఒకటి ఉండేది. దాన్ని 2017లో తీసేశారు. ఆ సంగతి తెలియని కుటుంబాలు, తెలిసినా చెప్పని పెద్దలు ఇంకా ఉండొచ్చు.

సాయం చేద్దామనుకునేవారి దగ్గరికి ముందుగా చేరేది మోసపు సందేశమే. 'సైన్యానికి ఆయుధాలు కొనడానికి ఈ ఖాతాలో రూపాయి వేయండి' అంటూ తిరిగిన సందేశం తప్పుదోవ పట్టించేదని 2025 ఏప్రిల్‌లో రక్షణ శాఖ ప్రకటించింది. 2016 సియాచిన్ విషాదం తర్వాత ఏర్పడిన సంక్షేమ నిధి ఆయుధాల కోసం కాదు, పోరులో మరణించిన, అంగవైకల్యం పొందిన జవాన్ల కుటుంబాల కోసం. దానికి 2022లో 'మా భారతీ కే సపూత్' వెబ్‌సైట్ వచ్చింది. పారామిలటరీ దళాల వారి కోసం హోం శాఖ నడిపే 'భారత్ కే వీర్' వేరే ఉంది. డిసెంబర్ 7న పిల్లల చొక్కాలకు గుచ్చే చిన్న జెండా డబ్బు పతాక దిన నిధికి చేరి మాజీ సైనికులకు, వితంతువులకు, వాళ్ల పిల్లల చదువులకు ఖర్చవుతుంది.

అందుకే ఈసారి ఫార్వర్డ్ నొక్కే ముందు ఒక్క పని చేయండి. పేరు, దళం, చోటు, సంవత్సరం సరిగ్గా ఉన్నాయేమో చూడండి. జాతీయ యుద్ధ స్మారకం వెబ్‌సైట్‌లో పేరుతో వెతకొచ్చు. మీ ఊళ్లో జవాను కుటుంబం ఉంటే, వాళ్లకు రావాల్సినవన్నీ వస్తున్నాయో లేదో జిల్లా సైనిక సంక్షేమ కార్యాలయంలో కనుక్కోవడానికి తోడు వెళ్లండి. ఆ కుటుంబానికి స్టేటస్ కంటే ఆ తోడే అక్కరకొస్తుంది.